బొదొనీ గారి మెచ్చుకోలు

2006 సెప్టెంబరు 12, మంగళవారం

కొత్త పేషెంటు. మా నర్సుల ఏజెన్సీ కాగితంలో మిస్టర్ గెర్గెయ్ అని రాసుంది. తలుపు దగ్గర నిలబడి "గుడ్ మార్నింగ్ మిస్టర్ గెర్గెయ్" అన్నాను. ముసలాయన చేతికర్ర ఎత్తి, కాదన్నట్టు అడ్డంగా ఊపారు. గెర్గెయ్ అన్నది పెట్టిన పేరట. బొదొనీ ఇంటిపేరట. వాళ్ళ దేశంలో ఇంటిపేరే ముందు రాస్తారట.

"మాకూ అంతే సార్. నేను నక్కా దయాకుమారిని" అన్నాను.

వెంటనే ముఖం విప్పారింది. కూర్చోమన్నారు. ఇంటిపేరు ముందు పెట్టుకునే జాతి ఈ దుబాయ్‌లో ఇంకోటి దొరకడం ఆయనకి భలే నచ్చింది.

దేశం హంగేరీ. వయసు ఎనభై ఒకటి. చిన్న స్ట్రోకు వచ్చి తగ్గింది, ఎడమ చెయ్యి కొంచెం బలహీనం. బీపీ, షుగరు. జుమేరాలో కూతురి దగ్గర ఉంటున్నారు. మా సత్వా ఫ్లాటు నుంచి నడిచి వెళ్ళొచ్చు, అదొక సుఖం. కూతురు ఆగ్నెష్ మేడమ్ హోటళ్ళకి గదుల అలంకరణ గీస్తుంది. పొద్దున వెళ్తే సాయంత్రమే రావడం.

ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి ఒక సంగతి చెప్పింది. "నాన్న నా దగ్గర మాట తీసుకున్నారు. బుర్ర బాగున్నంతకాలం ఇక్కడ ఉంటారు. మతి తప్పడం మొదలైందంటే మాత్రం వెంటనే సెగెద్‌లో మా అత్త దగ్గరికి పంపెయ్యాలి. మతి పోయేవాళ్ళకి నేర్చుకున్న భాషలు ముందు పోతాయని, చివరికి పుట్టినప్పటి భాషే మిగులుతుందని ఆయన భయం. అప్పుడు ఆ భాష తెలిసినవాళ్ళ మధ్య ఉండాలంటారు. నేను పగలంతా ఇంట్లో ఉండను. తేడా కనిపిస్తే నువ్వే నాకు చెప్పాలి."

చెప్తానన్నాను.

"ఇంతకీ ఆయన ఏం పని చేసేవారు మేడమ్?" అని అడిగాను.

"క్రిటిక్. ఇతరులు రాసిన పుస్తకాలు బాగున్నాయో లేదో చెప్పేవారు. తర్వాత అనువాదాలు చేశారు."

బాగుందో లేదో చెప్తే జీతమిచ్చారా! మా పేటలో ఆ పని ఉచితంగా చేసేవాళ్ళు బోలెడుమంది.

సెప్టెంబరు 20

ఎడమ చేతితో రబ్బరు బంతి నొక్కమంటే నొక్కరు. చిన్నపిల్లల పని అంటారు. ఈరోజు ఉపాయం కనిపెట్టాను. మీ ఊరి సంగతి చెప్తూ నొక్కండి, నేను వింటాను అన్నాను. కథలో పడి ఆయనకి తెలీకుండానే నొక్కేశారు.

సెగెద్ దగ్గర పెద్ద నది ఉందట. వాళ్ళ నాన్న మిరపపొడి మిల్లులో కూలీ. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా ఎర్రటి పొడి ఉండేదట. తెల్లవాళ్ళకి మిరపపొడి మిల్లులేమిటి? నేను నమ్మలేదు. వంటింట్లో డబ్బా తీసి చూపించారు. వాసన చూశాను, కారం లేదు గానీ రంగు మాత్రం అచ్చం మన గుంటూరుదే.

ఫ్లాటుకొచ్చి జెన్నిఫర్‌తో చెప్పాను. జెన్నిఫర్‌ది కాకినాడ, ఇక్కడ క్లినిక్‌లో నర్సు, నా గదిలోనే పై మంచం.

"ఒసేయ్, పేషెంటుకి బీపీ చూసి రమ్మంటే వంశవృక్షం రాసుకొచ్చావా?" అంది.

నాకు ఉన్న జబ్బే అది. మనిషి కనిపిస్తే మొదలంటా తెలుసుకోవాలి.

అక్టోబరు 4

ఈరోజు అసలు కథ. బుడాపెస్ట్‌లో కుర్రవయసులోనే ఒక పత్రికలో పుస్తకాల మీద రాసేవారట. ఆ రోజుల్లో ప్రభుత్వానికి నచ్చినవాళ్ళనే పొగడాలి. పైవాళ్ళకి కావలసిన కవి ఒకడు ట్రాక్టర్ల మీద పద్యాలు రాసి అచ్చు వేయించాడు. దాన్ని మెచ్చుకుంటూ రెండు పేజీలు రాయమని ఎడిటర్ హుకుం.

ఈయన మూడే మూడు వాక్యాలు రాశారు. "పుస్తకం చేతికి తేలిగ్గా ఉంది. కాగితం తెల్లగా ఉంది. కుట్టు గట్టిగా ఉంది."

ఉద్యోగం పోయింది. రైల్వే టైంటేబుళ్ళలో అచ్చుతప్పులు దిద్దే పనిలో పడేశారు. ఏళ్ళ తరబడి ఆయన పేరుతో ఒక్క ముక్క అచ్చు కాలేదు.

"ఒక మంచిమాట రాస్తే మీ సొమ్మేం పోయింది సార్?" అన్నాను.

"మంచిమాటే రాశాను. కుట్టు నిజంగానే గట్టిగా ఉంది."

ఈ మనిషి మా ఊళ్ళో పుట్టి ఉంటే రోజుకో గొడవ.

అక్టోబరు 29

అనువాదం ఎలా చేస్తారో ఈరోజు చెప్పారు. టైంటేబుళ్ళ తర్వాత సొంతంగా రాయనివ్వలేదు గానీ, వేరే దేశాల పద్యాలు హంగేరీ భాషలోకి తెమ్మన్నారట. అందులో సగం భాషలు ఆయనకి రావు! రాకుండా ఎలా? వాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉంది. భాష వచ్చినవాళ్ళు ముందు మాటకి మాట రాసిస్తారు, అందం చందం ఏమీ లేకుండా. దాన్ని ముడి అనువాదం అంటారు. ఆ తర్వాత మూలాన్ని పైకి చదివించుకుని వింటారు. చెవికి తగిలింది, కాగితం మీద ఉన్నది రెండూ కలిపి ఈయన పద్యం కడతారు. రష్యన్ నుంచి ముడి అనువాదాలు ఆయన భార్య మార్గిత్ చేసేదట. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళు.

"ముడిది బాగా చేయడమే కష్టం" అన్నారు. "ఒక్క మాట తీపి కలిపినా నేను తప్పుదోవ పడతాను. మార్గిత్ ఎప్పుడూ కలపలేదు. నా గురించి చెప్పేటప్పుడు కూడా."

నవంబరు 3, శుక్రవారం

సహవాసంలో ఆరాధన అయ్యాక సిలాస్ పాస్టరు గారు ప్రకటన చేశారు. దుబాయ్ తెలుగు సంఘాలన్నీ కలిసి కొత్త పాటల పుస్తకం వేస్తున్నాయి. పాత పాటలు కాకుండా మనవాళ్ళు సొంతంగా రాసినవి కావాలట. నా "కృపా సాగరము" పాట ఇచ్చాను. అక్కడికక్కడే పాడించారు. అందరూ బాగుందన్నారు. రేచెల్ ఆంటీ కళ్ళు తుడుచుకుంది.

ఒక ఆలోచన వచ్చింది. ఇంట్లో అంత పెద్ద విమర్శకుణ్ణి పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ మెప్పు దేనికి?

నవంబరు 5

ముందు పాడాను. కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత ముడి అనువాదం చెప్పమన్నారు. నాకొచ్చిన ఇంగ్లీషులో మాటకి మాట చెప్పాను.

నీ కృపా సాగరమున నేనొక బిందువును
నీ మహిమా శిఖరమున నేనొక ధూళిని

"మీ ఊళ్ళో కొండ ఉందా?"

"లేదు సార్. నరసాపురం పక్కన. గుట్ట కూడా లేదు."

"మరి ఈ శిఖరం ఎవరిది?"

"అందరూ అలాగే రాస్తారు సార్."

"అందరూ రాసేస్తే ఇంక నువ్వెందుకు?"

ఆయన ఆగలేదు. "గొంతు బాగుంది. పాటలో మాత్రం ఎవరూ లేరు. ఇల్లు ఖాళీ. ఇది మంచి పాట కాదు, దయా."

బంతి కూడా నొక్కించకుండా వచ్చేశాను.

నవంబరు 6

బీపీ 150/90. మాత్రలు ఇచ్చాను. మాట్లాడలేదు.

నవంబరు 7

మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. ముసలివాళ్ళకి రోషం ఎక్కువ.

నవంబరు 9

నేనే అడిగాను, ఉండబట్టలేక. "మరి పాటలో ఎవరుండాలి సార్?"

"నీకు బాగా తెలిసిన చేతులు ఎవరివి?"

అదేం ప్రశ్న! దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చాను.

నవంబరు 17, శుక్రవారం

అమ్మకి ఫోన్ చేశాను. మా అమ్మ చిట్టెమ్మ నలభై ఏళ్ళుగా రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది. వద్దంటే వినదు.

"మానెయ్యమన్నాను గదే అమ్మా. నేను పంపుతున్నాను గదా."

"మానేసి ఇంట్లో గోడలు సూత్తా కూకోమంటావా? షెడ్డులో నలుగురు ఉంటారు, ఊసులాడుకుంటాం."

"చేతులు ఎలా ఉన్నాయ్?"

"ఐసు ఐసే గదమ్మా. పొద్దున కాసేపు ముడుసుకుంటే ఇడవవు, ఏడి తగిల్తే అయ్యే వత్తాయి."

ఏవిటో, ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉంది.

డిసెంబరు 11

కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికాం. ఫ్రిజ్‌లో దొరికింది, పెరుగు డబ్బా పక్కన. ఎండకి వేడెక్కుతుందని పెట్టి ఉంటారు.

డిసెంబరు 26

నన్ను రెండుసార్లు మార్గిత్ అని పిలిచారు. భార్య అంటే ఎంత ప్రేమో పాపం. పండగ రోజుల్లో పోయినవాళ్ళు ఎవరికైనా గుర్తొస్తారు.

2007 జనవరి 9

ట్రాక్టర్ల పుస్తకం కథ మళ్ళీ చెప్పారు. ఈసారి కొత్త సంగతి బయటికొచ్చింది! ఆ మూడు వాక్యాలు నిజానికి మార్గిత్ రాసిందట. ఈయన సంతకం మాత్రమే పెట్టారట. చూశావా, ఇన్నాళ్ళూ దాచారు. మనుషులు మొదటిసారే అంతా చెప్పరు, పొరలు పొరలుగా వస్తుంది. అందుకే ఓపిగ్గా అడుగుతూ ఉండాలి.

జనవరి 18

స్నానం వద్దన్నారు. ఇప్పుడే చేశానన్నారు. చెయ్యలేదు. దుబాయ్‌లో కూడా జనవరి చలి చలే కదా.

జనవరి 28

ఈరోజు తారీకు గుర్తుంచుకోవాలి.

కొత్త పాట పాడాను. ముడి అనువాదం చెప్పాను.

మంచులో రొయ్యలొలిచిన మా అమ్మ
మొద్దుబారిన చేతులు జోడించింది నీకు
ఆమెన్ అన్నాక కూడా విప్పలేక
అలాగే ఉండిపోయింది ప్రభువా

ఆయన ముందుకి వంగి కూర్చున్నారు. "మళ్ళీ చెప్పు. ఆమెన్ తర్వాతది." చెప్పాను. "వేళ్ళు నిజంగానే విడవవా?" విడవవు సార్, వేడి తగిలేదాకా, అన్నాను. తన రెండు చేతులూ జోడించి చూసుకున్నారు. చాలాసేపు అలాగే చూసుకున్నారు.

"ఇది ఉంచు" అన్నారు.

అంతే. బాగుందని కూడా అనలేదు. నేను స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. రేచెల్ ఆంటీ ఏడ్చినప్పుడు కూడా నాకింత సంతోషం కలగలేదు.

ఫిబ్రవరి 2, శుక్రవారం

పాట మార్చి ఇచ్చాను. సిలాస్ గారు చదివి తల గోక్కున్నారు.

"రొయ్యలేంటమ్మా పాటలో? పీతలు కూడా పెట్టకపోయావా?"

"మా అమ్మ పనే అది పాస్టరు గారూ."

"కాదన్లేదు. కానీ కష్టం దగ్గరే ఆపేస్తే ఎలాగమ్మా? దేవుడి దీవెన కనపడాలి గదా. రెండో చరణం రాయి. మీ అమ్మని ఆయన ఎలా హెచ్చించాడో రాయి."

న్యాయమే అనిపించింది.

ఫిబ్రవరి 6

రెండో చరణం అయింది. ఇప్పుడా చేతులు విశ్రాంతిగా ఉన్నాయని, ఉంగరాల వేళ్ళతో స్తుతిస్తున్నాయని రాశాను. సిలాస్ గారికి బాగా నచ్చింది. బొదొనీ గారికి రేపు వినిపించాలి.

ఫిబ్రవరి 7

ఈరోజు ఆయనకి నీరసంగా ఉంది. రేపు.

ఫిబ్రవరి 19

ఇంగ్లీషు మాటలు తగ్గించేశారు. కుర్చీని చూపించి "ఆ కూర్చునేది" అంటున్నారు. మాటలతో బతికిన మనిషి, చివరికి పొదుపు నేర్చుకున్నట్టున్నారు. మధ్యమధ్యలో నాతో వాళ్ళ భాషలో మాట్లాడేస్తున్నారు, నాకొచ్చన్నట్టు. నేను తెలుగులో జవాబిస్తున్నాను. ఇద్దరం బాగానే నడిపిస్తున్నాం.

మేడమ్ అడిగింది, నాన్న ఎలా ఉన్నారని. బాగానే ఉన్నారన్నాను. బాగానే ఉన్నారు. నేను నర్సుని, నాకు తెలీదా?

మార్చి 5

ట్రాక్టర్ల కథ మూడోసారి. నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ పద్యాలు రాసిన కవి ఎవరో కాదు, ఈయనేనట! తన పుస్తకాన్ని తనే తిట్టుకున్నారన్నమాట. పొట్టకూటి కోసం దొంగపేరుతో పద్యాలు రాసి ఉంటారు, మనసు ఒప్పక మళ్ళీ తనే వాటిని చీల్చి పారేశారు. ఎంత గొప్ప కథ! ఇది ఆయన ఊరివాళ్ళకి కూడా తెలిసుండదు.

జెన్నిఫర్‌కి చెప్పాను. వంకాయ కోస్తున్నదల్లా చాకు పక్కన పెట్టింది.

"దయా, అక్టోబర్లో వేరేలాగ చెప్పేవు. జనవరిలో ఇంకోలాగ. ఇప్పుడిది. ఇది కథా, జబ్బా?"

"నీకు సాహిత్యం తెలీదు."

"సాహిత్యం తెలీదు గానీ డిమెన్షియా వార్డులో మూడేళ్ళు చేశానే తల్లీ."

ఈర్ష్య. వాళ్ళ క్లినిక్‌లో కథలు చెప్పే పేషెంట్లు లేరు.

మార్చి 6

ఏజెన్సీ ముదీర్, అదే మా మేనేజరు, ఎప్పుడూ అంటుంటాడు, పేషెంటు వెళ్ళిపోతే ఇంకో పేషెంటు దొరికేదాకా కూర్చోబెట్టి జీతమివ్వనని, దొరక్కపోతే వీసా ఖలాస్ అని. దాని గురించి నేనేమీ ఆలోచించడం లేదు.

మార్చి 27

మేడమ్ టీ తాగుతూ పాత సంగతులు చెప్తోంది. మాటల్లో నేను అన్నాను, మీ అమ్మగారు ఎంత ధైర్యస్థురాలు, ట్రాక్టర్ల పుస్తకం మీద ఆ మూడు వాక్యాలు ఆవిడే రాసిందట కదా అని.

కప్పు కింద పెట్టింది. "అది యాభైరెండు సంగతి. అమ్మ నాన్నకి అరవైఒకటిలో పరిచయమైంది."

నేను సరిగ్గా వినలేదేమో మేడమ్, నా ఇంగ్లీషు అంతంతమాత్రం కదా అన్నాను. ఆవిడ డాక్టరు దగ్గర టైం తీసుకుంటానంది.

ఏప్రిల్ 4

డాక్టరు టైం 22న. ఆ లోపల నేనే తేల్చేస్తాను. మేడమ్ అనవసరంగా కంగారు పడుతోంది. పేర్లు, తారీకులు ఎవరైనా మర్చిపోతారు. మా పెద్దమామయ్యకి తన పెళ్ళి ఏ సంవత్సరమో తెలీదు. ఆయనకున్న విద్య తారీకులు కాదు, మంచీ చెడ్డా చెప్పడం. అది ఉందంటే మనిషి ఉన్నట్టే.

పాత పాట పాడతాను, కృపా సాగరము. కర్ర ఎత్తి "శిఖరం ఎవరిది?" అంటారు చూడు. అది మేడమ్‌కి చెప్తాను.

ఏప్రిల్ 8, ఈస్టరు

ఈరోజు ఆదివారం కాబట్టి నాకు డ్యూటీ. పొద్దున్నే ఆరాధన చూసుకుని అటునుంచి అటే వెళ్ళాను. ఆయన నీలం చొక్కా వేసుకుని కిటికీ దగ్గర ఉత్సాహంగా ఉన్నారు. మంచి సమయం అనుకున్నాను.

పాడాను. కృపా సాగరము, మహిమా శిఖరము, ఒక్క ముక్క మార్చకుండా. ముడి అనువాదం కూడా చెప్పాను, కొండ దగ్గర కాస్త ఒత్తి మరీ చెప్పాను.

చప్పట్లు కొట్టారు. ఎడమ చెయ్యి సరిగ్గా లేవకపోయినా కొట్టారు. "బ్యూటిఫుల్" అన్నారు. "వెరీ, వెరీ బ్యూటిఫుల్." కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"కొండ ఎవరిది సార్?" అని అడిగాను.

"బ్యూటిఫుల్ కొండ" అన్నారు.

"సార్, బాగాలేదు గదా. ఖాళీగా ఉంది గదా. చెప్పండి సార్." ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఎవరో అతిథిని చూసి నవ్వినట్టు మర్యాదగా నవ్వారు.

నవంబరు నుంచి ఈ మాట కోసమే కదా నేను చచ్చిపోయాను. వచ్చింది. ఇంత బాధ నాకు నాన్న పోయినప్పుడు కూడా లేదు.

ఏప్రిల్ 10

మేడమ్‌కి చెప్పలేదు. డాక్టరే కనిపెడతాడు. డాక్టర్లున్నది అందుకే కదా.

ఏప్రిల్ 22

డాక్టరు మురళీ గారు విజయవాడ ఆయన. ముందు బొదొనీ గారిని ప్రశ్నలడిగారు.

"ఇది ఏ సంవత్సరం?"

"ఎవరి కేలండర్ ప్రకారం?" అన్నారు ఈయన. డాక్టరు నవ్వారు.

"మనం ఏ ఊళ్ళో ఉన్నాం?"

"ఏసీ బాగా పనిచేసే ఊళ్ళో." మళ్ళీ నవ్వారు.

మేడమ్ కూడా నవ్వింది. ఆవిడ ముఖంలో ఆశ కనిపించింది. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంటూ, బాగానే ఉన్నట్టున్నారే అన్నట్టు తల ఊపారు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. ఆయన ఇక్కడే ఉంటారు, నేనూ ఉంటాను, రోజూ వెళ్ళి కూర్చుంటాను. కానీ ఇంకో నాలుగు నెలలకి ఇంగ్లీషు మొత్తం పోతుంది. అప్పుడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఆయన ఏమడిగినా నాకు అర్థం కాదు. మంచినీళ్ళు అడిగినా అర్థం కాదు. ఆయన కూతురి దగ్గర మాట తీసుకున్నది సరిగ్గా ఇది జరక్కూడదనే.

డాక్టరు నా వైపు తిరిగి తెలుగులో అడిగారు. "ఏమ్మా, పొద్దస్తమానం నువ్వే గదా ఉండేది. నువ్వేమంటావ్? భయపడకుండా చెప్పు."

"జోకులు తెలీనప్పుడు వేస్తారండి" అన్నాను.

"అంటే?"

"సంవత్సరం తెలీదండి. ఊరు తెలీదండి. తెలీదని తెలీకుండా ఉండటానికి జోకు వేస్తారు. కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టేరండి. నన్ను వాళ్ళావిడ అనుకుంటారు. కుర్చీని కుర్చీ అనలేకపోతున్నారు. స్నానం చెయ్యకుండా చేశానంటారు."

"ఎప్పట్నించి?"

"డిసెంబర్ నించండి."

డాక్టరు పెన్ను ఆపేశారు. మేడమ్ "ఏమంటోంది, ఏమంటోంది?" అని ఆయన్ని అడిగింది. "ఆవిడకి నువ్వే చెప్పమ్మా" అన్నారాయన.

చెప్పాను. మాటకి మాట. తీపి కలపలేదు, క్షమించమని కూడా ముందే అనలేదు. మేడమ్ అంతా విని ఒక్కటే అడిగింది. "డిసెంబరు నుంచా?"

"అవును మేడమ్."

ఆవిడ తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన నా వైపు చూసి, నేనేదో పాట పాడినట్టు మర్యాదగా తల ఊపారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఏప్రిల్ 23

మేడమ్ నన్ను పని మానమనలేదు. వెళ్ళేదాకా ఉండమంది. కోపం ఉంది, ఉండాల్సిందే. జెన్నిఫర్ పప్పుచారు వేడి చేసి పెట్టింది.

మే 10

ఈరోజు వెళ్ళిపోయారు. మేడమ్ వెంట వెళ్ళింది. ద్వారం దగ్గర నా రెండు చేతులూ పట్టుకుని వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడారు. గొంతు తగ్గించి, మధ్యలో ఆగి, వెతుక్కుని, ఒక మాట తీసేసి ఇంకో మాట పెట్టి మాట్లాడారు. పక్కనే మేడమ్ ఉంది. అడిగితే చెప్పేది. అడగలేదు. ప్రతిదీ తెలుసుకోవాలనే దాన్ని, ఇది మాత్రం అడిగే హక్కు నాకు లేదనిపించింది.

మే 15

ముదీర్ ఫోన్. "యల్లా సిస్టర్, ఉమ్ అల్ క్వైన్ మే కంపెనీ క్లినిక్, జానా హై?" ఆ ఊరి క్లినిక్ పనికి వెళ్తానన్నాను.

మే 21

మేడమ్ సెగెద్ నుంచి ఫోన్ చేసింది. చేస్తుందనుకోలేదు.

వెళ్ళిన రెండోరోజే ఆయన తన చెల్లెలు చేసిన చేపల పులుసులో ఉప్పు తప్పితే ఏమీ లేదన్నారట. పక్కింటావిడ తను రాసిన పద్యాలు తెచ్చి చదివితే సగంలో ఆపించారట. "ఇందులో ఎవరూ లేరమ్మా" అన్నారట. ఆవిడ అలిగి వెళ్ళిపోయిందట. మేడమ్ చెప్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. "తారీకులు తెలియడం లేదు దయా, నేనెవరో కూడా ఒక్కోసారి తెలియడం లేదు. కానీ అది ఉంది. వాళ్ళ భాషలో ఇంకా ఉంది."

అంటే ఇక్కడ పోయింది ఆయన ఇంగ్లీషే. ఫిబ్రవరిలో మేడమ్ అడిగినప్పుడే నేను చెప్పి ఉంటే, ఇంకో మూడు నెలలు ఆయన ఎంతమందిని తిట్టి ఉండేవారో. ఆ మూడు నెలలు నేను కాజేశాను. ఆయన కోసం అనుకున్నాను. కాదు, వినడం నాకు ఇష్టమై కాజేశాను.

మే 25, శుక్రవారం

విజయవాడ నుంచి పాటల పుస్తకం ప్రూఫులు వచ్చాయి. ఎవరి పాట వాళ్ళు చూసుకుని సంతకం పెట్టమన్నారు సిలాస్ గారు. నా పాట చాలా అందంగా అచ్చయింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. రెండో చరణమైతే చాలామందికి కంఠతా వచ్చేసిందట.

సంతకం పెట్టబోయి, బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. మధ్యాహ్నం దాటింది అక్కడ. తియ్యలేదు. పక్కింటి హుస్సేనమ్మ నంబరుకి చేస్తే ఆవిడ తీసింది.

"మీ యమ్మా? ఇంకా షెడ్డు నించి రాలేదమ్మా. ఇయ్యాల లోడొచ్చిందంట. ఏమైనా సెప్పాలా?"

ఏమీ లేదన్నాను.

లోపలికి వెళ్ళి సిలాస్ గారి దగ్గర ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నాను. "అచ్చుతప్పులేమైనా ఉన్నాయామ్మా?" అన్నారు.

"ఒకటుందండి" అని రెండో చరణం మొత్తం కొట్టేశాను.